మిషన్ అడుగున బొట్టు

శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు జహూర్ చేతిలో ఉన్న సరుకంతా బల్ల మీద పరిస్తే జానెడు చోటు కూడా నిండలేదు. ఒక ఫిర్యాదు జిరాక్సు, దానికి గుచ్చిన నాలుగు కేసు షీటు కాగితాలు, ఫోనులో ఒక ఫొటో. వీటికి తోడు సాయంత్రం నాలుగింటి దాకా టైము. నాలుగు కొట్టగానే ఆ ఫిర్యాదు పోలీసు స్టేషనుకు వెళ్తుంది. వెళ్తే ఎదురుగా కూర్చున్న బతూల్ మీద కేసవుతుంది, ఆపైన ఆమె జన్మలో మళ్లీ నర్సు ఉద్యోగం చేయలేదు. ఇరవై ఆరేళ్ల పిల్ల. నిన్నటి యూనిఫాంలోనే ఉంది.

జహూర్ అమీర్‌పేటలో ఇరవై రెండేళ్లు సర్జికల్ సామాన్ల దుకాణం నడిపాడు. ఇప్పుడు దుకాణం తమ్ముడికి అప్పజెప్పి, వెనక గదిలో కూర్చుని ఇన్సూరెన్సు కంపెనీలకూ, అప్పుడప్పుడు ఇలా దిక్కుతోచని వాళ్లకూ విచారణలు చేసిపెడుతున్నాడు. ఏ పని పట్టినా ముందు చేతిలో ఏముందో చూసుకోవడం, చివర్న ఏం మిగిలిందో చూసుకోవడం దుకాణం నేర్పిన అలవాటు.

ఫిర్యాదు సూటిగానే ఉంది. పంజాగుట్టలో నాలుగంతస్తుల ప్రైవేటు ఆసుపత్రి. మూడో అంతస్తు, 304 నంబరు గదిలో రాజనర్సయ్య అనే యాభై ఎనిమిదేళ్ల మెకానిక్. పెద్దపేగు కింది భాగంలో గడ్డ ఉంటే పెద్ద సర్జన్ డాక్టర్ స్వరాజ్యం కోసి తీసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టింది. వారం తిరక్కుండా కుట్టు ఒకచోట విడిచి లీకయింది. పక్కనే చీముగుంత పడింది. మళ్లీ పొట్ట కోయకుండా డాక్టర్ రవికాంత్ అనే చిన్న డాక్టరు కింది దారిన ఎండోస్కోపు పంపి ఆ గుంతలో స్పంజి పెట్టాడు. స్పంజికి సన్నటి పైపు, ఆ పైపు మంచానికి తగిలించిన వాక్యూమ్ మిషనుకు. మిషను ఇరవై నాలుగ్గంటలూ పీలుస్తూంటే చీము డబ్బాలోకి వచ్చేస్తుంది, గుంత రోజురోజుకీ ముడుచుకుంటుంది. మూడు రోజులకోసారి స్పంజి మార్చాలి. మిషను ఆగిందా, చీము లోపలే నిలిచి నెత్తుట్లోకి పాకుతుంది.

నిన్న మిషను ఆగింది. మధ్యాహ్నం పన్నెండూ ఇరవై నుంచి మూడూ ఐదు దాకా. మిషను మెమరీలో నిమిషాలతో సహా ఉంది. బతూల్ డ్యూటీ ఎనిమిది నుంచి రెండు. రెండూ నలభైకి రాజనర్సయ్యకు వణుకుడు జ్వరం వచ్చింది, బీపీ పడిపోయింది, ఐసీయూకి దించారు.

తాను దాన్ని ముట్టుకోలేదని బతూల్ ఒట్టు పెట్టబోయింది. జహూర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఖసమ్‌లు వద్దు బేటా. టైములు చెప్పు."

టైములు చెప్పింది. డ్యూటీలోకి వచ్చినప్పుడూ, పదకొండింటికీ, రెండింటికి దిగేటప్పుడూ డబ్బా మీద చీము ఎంతదాకా వచ్చిందో మార్కరుతో గీత గీసి పక్కన టైము వేయడం ఆ వార్డు పద్ధతి. రెండింటికి గీసిన గీతను ఫొటో తీసి వార్డు గ్రూపులో కూడా పెట్టింది. అప్పుడు మిషను నడుస్తూనే ఉంది. అంతకుమించి ఆమె దగ్గర ఏమీ లేదు.

పన్నెండుంబావుకు జహూర్ ఆసుపత్రి సెక్యూరిటీ ఆఫీసరు గదిలో ఉన్నాడు. ఆఫీసరు అచ్యుతరావు. సీఐగా రిటైరై వచ్చినవాడు, రాజమండ్రి మనిషి. ఫిర్యాదు రాసింది ఆయనే. బల్ల పక్కన స్టూలు మీద, నిన్న 304 గదిలోంచి తెచ్చిన ఆ మిషను ఉంది. పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతికి దారం చుట్టి, లక్కతో సీలు వేసి ఉంది.

"ఏంటి జహూర్ గారూ, దుకాణం కట్టేసి ఇలా వచ్చారు? దూది, పట్టీలు ఏమైనా అమ్ముకుందామనా?"

"దూది కొననీకే వచ్చిన సార్. మీ చెవులల్ల ఉన్నది ఇస్తే చాలు."

అచ్యుతరావు నవ్వలేదు. నాలుగింటికి స్టేషనుకు వెళ్తున్నాననీ, అందాకా ఏం చెప్పుకున్నా వింటాననీ అన్నాడు. జహూర్ ఫోను తీసి ఫొటో చూపించాడు. పదకొండింటి గీత నూట అరవై దగ్గరుంది, రెండింటి గీత నూట తొంభై దగ్గర. పన్నెండూ ఇరవైకి ఆగిన మిషను ముప్పై మిల్లీలీటర్లు ఎట్లా లాగిందని అడిగాడు.

"పదకొండు నుంచి పన్నెండూ ఇరవై దాకా లాగింది. ఆ తర్వాత ఆగింది. మీ పిల్ల రెండింటికి వచ్చి ఉన్నచోట గీత గీసింది. ఇంకేమైనా ఉందా?"

దెబ్బ సూటిగా తగిలింది. అవతలివాడి తూకం సరిగ్గా ఉన్నప్పుడు వాదించి లాభం లేదని జహూర్‌కు తెలుసు. ఫోను జేబులో పెట్టుకుని, పేషెంటు భార్యతో ఐదు నిమిషాలు మాట్లాడతానన్నాడు. తాను పక్కనే నిలబడతానన్నాడు అచ్యుతరావు. నిలబడమన్నాడు జహూర్. ఆ మాట అన్నందుకు తర్వాత తనను తానే మెచ్చుకున్నాడు.

రెండో అంతస్తులో ఐసీయూ బయట, మెట్ల మీద సత్తెమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో ప్లాస్టిక్ బుట్ట, బుట్టలో మొగుడి చెప్పులు. బతూల్ తరఫున వచ్చానని జహూర్ దాచలేదు. దాచితే తర్వాత తెలిసినప్పుడు చెప్పిన మాట కూడా వెనక్కి తీసుకుంటారని అతని అనుభవం. సత్తెమ్మ అతని మొహం చూడకుండా గోడకేసి మాట్లాడింది.

"గా పోరి పేరు నా ముంగట తియ్యకు అన్నా. శనివారం మిషను వెట్టిండ్రు. నా పెనిమిటి పానం గుంజి పట్టుకున్నది గదే గదా, బొట్టు వెడ్తనన్న. పెద్ద సిస్టరు నా మీదికొచ్చింది. గప్పుడు గీ పోరే నవ్వుకుంట, అడుగున వెట్టమ్మా ఎవ్వలకు కానరాదని, మిషను ఎత్తి తిప్పి పట్టింది. నూనెల కలిపిన కుంకుమ రోజు వెట్టిన. నిన్న పొద్దుగాల సుత వెట్టిన. బొట్టు వెట్టిచ్చిన చెయ్యే దాన్ని బంద్ చేసిందంటే, ఎట్ల నమ్మాలె? మీరందరు జెప్తుంటే ఎట్ల నమ్మకుంట ఉండాలె?"

అడుగున అంటే సరిగ్గా ఎక్కడని అడిగాడు జహూర్. నాలుగు రబ్బరు కాళ్ల నడిమిట్లో అంది. ఇంకేమైనా జరిగిందా అని అడిగితే, పొద్దున రవికాంత్ సార్ వచ్చి స్కానింగ్ కోసమని రెండు కాగితాల మీద సంతకం తీసుకున్నాడని చెప్పింది. ఏ కాగితాలో ఆమె చదవలేదు. స్కానింగ్ అన్న మాట విని జహూర్ దాన్ని పట్టించుకోలేదు. ఆ రోజు అతను చేసిన పెద్ద తప్పు అదే.

సెక్యూరిటీ గదికి తిరిగి వచ్చేసరికి ఒంటిగంటా పది.

"సార్, సీలు తియ్యకుండ్రి. సంచితోనే మిషను జర ఎత్తి తిప్పుండ్రి."

అచ్యుతరావు కూడా ఆ మాటలు విన్నవాడే. గొణుక్కుంటూ ఎత్తి తిప్పాడు. బల్ల లైటు వేశాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

తెల్లటి ప్లాస్టిక్కు. నాలుగు రబ్బరు కాళ్లు. కాళ్ల మొదట్లో దుమ్ము కూడా ఉంది. ఎర్రటి చుక్క మాత్రం ఎక్కడా లేదు.

"స్పిరిట్‌తో తుడిచేసుంటారు," అన్నాడు అచ్యుతరావు. గొంతులో ఇందాకటి బిగువు లేదు.

"ఇరవై రెండేండ్లు గీ సామానే అమ్మిన సార్. నూనె కుంకుమ ఆరు రోజులు వెడితే కాళ్ల నడిమి గాడిలకు దిగుతది. స్పిరిట్ వేస్తే పోదు, ఇంకా గులాబీ రంగై పాకుతది. తుడిస్తే గా దుమ్మెట్ల మిగిలింది? మీరు సీలు చేసింది 304 మిషను గాదు."

అచ్యుతరావు చాలాసేపు ఆ అడుగు వైపే చూస్తూ నిలబడ్డాడు. ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసి, తన చేతులతో లక్క కరిగించి తప్పుడు సరుకుకు సీలు వేసినవాడి మొహం అది. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని మూడో అంతస్తు కెమెరా రికార్డు తెరిచాడు.

నిన్న మధ్యాహ్నం మూడు దాటి రెండు నిమిషాలు. పేషెంటును అప్పటికే ఐసీయూకి దించారు, గది ఖాళీ. డాక్టర్ రవికాంత్ ఒక మిషను పట్టుకుని 304లోకి వెళ్లాడు. మూడూ ఏడుకు ఒక మిషను పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఇది నేను నిన్ననే చూశాను," అన్నాడు అచ్యుతరావు మెల్లగా. "డాక్టరు మిషను పట్టుకుపోతున్నాడు, అందులో అనుమానం ఏముంది అనుకున్నా."

"లోపలికి ఒకటి పోయింది, బయటికి ఒకటి వచ్చింది. లెక్క సరిపోయింది కాబట్టి మీరు ఆగలే సార్. పోయింది, వచ్చింది ఒక్కటేనా అని ఎవ్వలు చూస్తరు?"

పన్నెండూ ఇరవై ఎక్కడిదో కూడా, వార్డు రిజిస్టర్లు తిరగేస్తే గంటలో తేలింది. 309లో కాలిపుండుకు ఇలాంటి మిషనే పెట్టుకున్న పేషెంటు నిన్న మధ్యాహ్నం డిశ్చార్జి అయ్యాడు. రిజిస్టరులో టైము పన్నెండున్నర. పోయేముందు అతని మిషను ఆపారు. మెమరీలో ఉన్నది ఆ ఆపడం. మూడూ ఐదుకు రవికాంత్ 304లో గీతలున్న డబ్బా దానికి మార్చి, దాన్నే మళ్లీ నొక్కాడు. మిషను అబద్ధం చెప్పలేదు, ఇంకొకరి నిజం చెప్పింది.

బతూల్ బయటపడింది. జహూర్ ఒప్పుకుని వచ్చిన పని అక్కడికి అయిపోయింది, ఇంటికి వెళ్లిపోవచ్చు. కానీ మిషను ఆగకపోతే రాజనర్సయ్యకు జ్వరం ఎందుకొచ్చింది? ఒక డాక్టరు ఇంత కష్టపడి, ఆగని మిషను ఆగిందని ఎందుకు చూపించాడు? జహూర్ 304 గది చూడాలన్నాడు.

గదిలో ఆయమ్మ వజ్రమ్మ కిటికీ తుడుస్తోంది. మంచం ఖాళీ. మిషను తగిలించే కడ్డీ మీద కుంకుమ వేలిముద్ర ఒకటి మసగ్గా ఉంది. మంచం పక్క డ్రాయరులో మాత్రల ఖాళీ అట్టలు, దువ్వెన. వాటి కింద వేలెడంత ప్లాస్టిక్ ముక్క, కొమ్మ చీలినట్టు ఒకవైపు రెండు నోళ్లు, ఇంకోవైపు ఒకటి.

జహూర్ దాన్ని తీసి కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. ఆ ముక్కను డజన్ల లెక్కన అమ్మినవాడు అతను. రెండు పైపులను కలిపి ఒక మిషనుకు తగిలించాలంటే తప్ప దానితో పని లేదు. రెండు పైపులంటే రెండు స్పంజిలు.

జేబులోంచి కేసు షీటు కాగితాలు తీశాడు. ప్రతి స్పంజి ప్యాకెట్టు మీదా పీకి అంటించే స్టిక్కరు ఉంటుంది. ఏ రోజు ఎన్ని వాడితే అన్ని స్టిక్కర్లు కేసు షీటులో అంటించాలి. శనివారం కింద రెండు స్టిక్కర్లు. గుంత పెద్దది, పక్కపక్కన రెండు పెట్టారు. మంగళవారం మార్చినప్పుడు ఒకే స్టిక్కరు. పక్కన రవికాంత్ చేతిరాత: గుంత సగానికి తగ్గింది, ఒక స్పంజి సరిపోయింది.

"వజ్రమ్మా, మంగళారం స్పంజి మార్చేటప్పుడు ట్రే ఎవ్వలు పట్టిండ్రు?"

తానే పట్టానంది. ఎండోస్కోపీ సిస్టరు ఆ రోజు సెలవు. ఈ ముక్క కూడా తానే తీసి పెట్టింది, పారేయడమెందుకు, పనికొస్తుందేమోనని. అచ్యుతరావును చూసి ఆమె కొంచెం జంకింది. ఏమీ కాదని ఆయనే అన్నాడు.

"ట్రేల ఏమొచ్చినయో చెప్పు. తొందర లేదు."

"రెండు పైపులొచ్చినయి సార్. ఒకదానికి స్పంజి ఉండె. రెండోది ఉత్త పైపు, కొస తెగినట్టుండె. స్పంజేది సార్ అన్న. డాక్టర్ సార్ మొకం తెల్లగైంది. అది లోపల్నే కరిగిపోతదిలే, నువ్వు పో అన్నడు." ఆమె బట్ట పిండడం ఆపింది. "కరగదా సార్?"

ఆ స్పంజి కరగదు. నూరేళ్లున్నా కరగదు. మూడు రోజులు దాటితే లోపలి కండ దాని రంధ్రాల్లోకి పెరిగి పట్టేసుకుంటుంది. అందుకే పెట్టినవీ తీసినవీ సరిచూడాలని ప్యాకెట్టు లోపలి కాగితంలో మొదటి పేజీలోనే రాసి ఉంటుంది. జహూర్ ఆ కాగితాన్ని ఎన్నోసార్లు కొనేవాళ్లకు చదివి వినిపించాడు.

"గుంత సగానికి తగ్గలే సార్," అన్నాడు చివరికి. "మూడు దినాలల్ల ఏ గుంతా సగం పూడదు. సగం స్పంజితోని నిండి ఉన్నది. దాని ముంగట కొత్తది పెట్టిండు. ముందుది గుంజుతనే ఉన్నది, వెనక చీము నిలుస్తనే ఉన్నది. నిన్న జ్వరమొచ్చేసరికి దొరికిపోతనని తెల్సింది. అందుకే మిషను."

"ఆయన కడుపులో..." అచ్యుతరావు ఖాళీ మంచం కేసి చూశాడు.

"ఆరు రోజుల నుంచి."

అచ్యుతరావు మెట్లు దిగుతూనే డాక్టర్ స్వరాజ్యానికి ఫోను చేశాడు. ఆమెకు మిషను ఆగిందనే చెప్పారు, అదే నమ్మి మందులు పెంచి ఊరుకుంది. మొత్తం విన్నాక ఒక్కటే మాట అందట: థియేటరు సిద్ధం చేయిస్తున్నాను, పేషెంటును పైకి తీసుకురండి.

రెండూ యాభైకి ఇద్దరూ ఐసీయూ తలుపు తోసుకుని వెళ్లారు. నాలుగో మంచం ఖాళీగా ఉంది. దుప్పటి తీసేసి లేదు, పక్కకు తోసి ఉంది. సిస్టరు తడబడుతూ చెప్పింది. పేషెంటు వాళ్లే వేరే ఆసుపత్రికి తీసుకుపోతామన్నారట, భార్య సంతకం ఉంది, రెండూ ముప్పై ఐదుకు వెనక లిఫ్టులో దించి రవికాంత్ సారే స్వయంగా అంబులెన్సు ఎక్కించాడు. సత్తెమ్మ ఎదురు మెట్ల మీద ఇంకా అట్లాగే కూర్చుని ఉంది. ఒళ్లో చెప్పులున్నాయి. తన సంతకంతో తన మొగుణ్ని పంపించేశారని ఆమెకు తెలియదు.

కడ్డీకి ఒక మిషను వేలాడుతోంది. ఆగి ఉంది. పైపును కొత్త స్పంజితో సహా పీకేసి నేల మీద పడేశారు. జహూర్ దాన్ని ఎత్తి తిప్పాడు. నాలుగు కాళ్ల మధ్య ఎర్రటి కుంకుమ బొట్టు, నూనె మెరుస్తూ. మీట నొక్కి మెమరీ చూశాడు. శనివారం సాయంత్రం మొదలు. ఈ మధ్యాహ్నం రెండూ ముప్పై దాకా, స్పంజి మార్చిన మంగళవారం ఒక్క అరగంట, ఐసీయూకి దించిన నిన్న ఒక్క అరగంట తప్ప, ఆగిందే లేదు.

మిషను పట్టుకునే ఇద్దరూ కిందికి దిగారు. గేటు రిజిస్టరులో అంబులెన్సు నంబరుంది. ఎటు వెళ్తున్నదీ రాసే గడి ఖాళీ. అచ్యుతరావు డ్రైవరు నంబరు రెండు నిమిషాల్లో పట్టాడు. ఫోను స్పీకరులో పెట్టాడు.

మాసబ్ ట్యాంక్ దగ్గర రోడ్డు పక్కన ఆపి నిలబడ్డామన్నాడు డ్రైవరు. డాక్టర్ సార్ ఇప్పుడే వస్తానని దిగి పోయాడు, పావుగంటయింది, ఫోను ఎత్తడం లేదు. ఏ ఆసుపత్రికో తమకు చెప్పలేదు.

"వెనక్కి తిప్పు," అన్నాడు అచ్యుతరావు. "సైరన్ వేసుకుని ఇక్కడికే రా. థియేటర్లో డాక్టరమ్మ ఉంది."

"తిప్పుతున్న సార్. గని..." డ్రైవరు గొంతు తగ్గించాడు. "వెనకాల ముసలాయన కింద బెడ్‌షీటు తడుస్తున్నది సార్. ఎర్రగ."

ఫోనులో సైరన్ మొదలైంది. అచ్యుతరావు లక్క మరక అంటిన వేళ్లతో ఫిర్యాదు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చించాడు. ఆ ముక్కలు ఎక్కడ వేయాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. రిసెప్షను బల్ల దగ్గర 'ఓ' గ్రూపు రక్తం రెండు సీసాలు కావాలని స్వరాజ్యం మనిషి ఎవరో గట్టిగా చెబుతున్నాడు. సత్తెమ్మ మెట్లు దిగి వచ్చింది. జహూర్ చేతిలో మిషను చూసి, ఏమీ అడక్కుండా దాని అడుగున చేయి పెట్టి తడిమింది.

మూడు దాటి ఐదు నిమిషాలు. పొద్దున చేతిలో ఉన్నవి ఒక జిరాక్సు, ఒక ఫొటో. ఇప్పుడున్నది ఒక నర్సు నిర్దోషి అని చెప్పే మిషను, కొమ్మ చీలిన ప్లాస్టిక్ ముక్క, వజ్రమ్మ మాట, రెండు స్టిక్కర్లు. గెలిచిన సరుకు ఇంత. రావలసింది ఒకే ఒక్క స్పంజి. అది మాసబ్ ట్యాంక్ నుంచి, ఒక మనిషి లోపల, నెత్తురోడుతూ బయలుదేరింది.